తాతను దాత చేసే బిట్టు



మొన్న దసరా సెలవుల చివర్లో ఒక రాత్రి పదకొండు దాటాక మా మేనల్లుడు విజయవాడ నుంచి ఫోను చేశాడు. బీటెక్ రెండో ఏడు చదువుతున్నాడు. "మావయ్యా, కొత్త సిస్టమ్‌కి మూడోసారి ఫార్మాట్ కొట్టాను. మళ్లీ బ్లూ స్క్రీనే" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు గానీ, పక్కగదిలోనే ఉంది.

ఏడాదిగా దాచుకున్న డబ్బుకి వాళ్ల నాన్న ఇచ్చింది కలిపి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకి వెళ్లి, నాలుగు షాపులు తిరిగి పార్టులు కొనుక్కొచ్చాడు. రైజెన్ 7000 సిరీస్ ప్రాసెసర్, దానికి తగ్గ మదర్‌బోర్డు, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ స్టిక్కులు రెండు. తనే బిగించుకున్నాడు. ఆయుధపూజ నాడు క్యాబినెట్‌తో పాటు స్క్రూడ్రైవర్‌కి కూడా బొట్టు పెట్టాడట.

మొదటిసారి స్విచ్ వేసిన రోజే వాడికి గుండె జారింది. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. నిమిషం చూసి తీసేశాడు. మళ్లీ వేశాడు, మళ్లీ తీసేశాడు. ఇలా నాలుగుసార్లు. అసలు అది జబ్బే కాదు. డీడీఆర్5 ర్యామ్‌తో, అందులోనూ ఏఎండీ వాళ్ల ఏఎం5 బోర్డుతో, మొట్టమొదట ఆన్ చేసినప్పుడు బోర్డూ ర్యామూ ఒకదానితో ఒకటి శ్రుతి కలుపుకుంటాయి. ఏ సంకేతం ఎంత ఆలస్యంగా అందుతోందో కొలుచుకుని సర్దుకుంటాయి. మెమరీ ట్రైనింగ్ అంటారు. కచేరీకి ముందు తంబురా సవరించుకోవడం లాంటిది. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో కరెంటు తీసేసిన ప్రతిసారీ కథ మొదటికొస్తుంది. ఐదోసారి వాళ్లమ్మ కాఫీకి పిలవబట్టి బతికిపోయాడు. కాఫీ తాగి వచ్చేసరికి తెర మీద బొమ్మ ఉంది.

సరే, ఆ రాత్రి ఫోనులో అడిగాను. "బ్లూ స్క్రీన్ మీద ఏమని వస్తోందిరా?"

"ఒక్కోసారి ఒక్కోటి మావయ్యా. నిన్న మెమరీ మేనేజ్‌మెంట్ అని వచ్చింది. పొద్దున పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. ఇప్పుడు ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. మధ్యలో ఒకసారి గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైలు పేరు చూపించింది. అందుకని ఆ డ్రైవర్‌ని తీసేసి మళ్లీ వేశాను, నాలుగుసార్లు."

"ఎప్పుడు ఆగుతోంది?"

"ఒక పద్ధతీ పాడూ లేదు. గేమ్ ఆడుతుంటే ఒకసారి ఆగింది. ఏమీ ముట్టుకోకుండా అన్నం తిని వచ్చేసరికి ఇంకోసారి. డౌన్‌లోడ్ చేసిన జిప్ ఫైలు నిన్న విప్పితే పాడైందంది, ఇవాళ అదే ఫైలు చక్కగా తెరుచుకుంది."

ఆ జిప్ ఫైలు మాట వినగానే నా అనుమానం ర్యామ్ మీదికి పోయింది. ఒకే పని దగ్గర, ఒకే పేరు చెప్పి ఆగిపోయే కంప్యూటర్‌కి చాలావరకు సాఫ్ట్‌వేర్ జబ్బు. రోజుకో పేరు చెబుతూ, వేళాపాళా లేకుండా పడిపోతూ, నిన్న పాడైందన్న ఫైలుని ఇవాళ బాగుందంటే, లోపల గుర్తుపెట్టుకునేవాడే తడబడుతున్నాడన్నమాట. బ్లూ స్క్రీన్ అని అలవాటుగా అంటున్నాను గానీ, విండోస్ 11లో దాన్ని 2025లో నల్ల రంగుకి మార్చేశారు. రంగు మారినా అది చెప్పే పేర్లను నమ్మడానికి లేదు. ఎందుకు నమ్మకూడదో తెలియాలంటే ర్యామ్ లోపల ఏముందో కాస్త చూడాలి.

ర్యామ్ అంటే ఓటికుండల వరస. ఇది నేను తమాషాకి అంటున్న మాట కాదు. 1966లో ఐబీఎమ్ ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్‌కి ఈ ఆలోచన తట్టింది. చిన్న కెపాసిటర్, దానికి తలుపులా ఒక ట్రాన్సిస్టర్. కెపాసిటర్‌లో ఛార్జి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. 1968లో పేటెంటు వచ్చింది. 1970లో ఇంటెల్ 1103 అనే చిప్పు బజారుకొచ్చింది, అందులో 1,024 కుండలు. ఇప్పటికీ డెనార్డ్ కిటుకే. చిక్కల్లా ఆ కుండ కారుతుంది. నింపిన ఛార్జి నిలవదు. అందుకని కారిపోయేలోపు చదివి మళ్లీ నింపుతూ ఉండాలి. డీడీఆర్4లో మామూలుగా 64 మిల్లీసెకన్లలో, డీడీఆర్5లో 32 మిల్లీసెకన్లలో మొత్తం వరసలన్నీ ఒక చుట్టు నింపాల్సిందే. అంటే డీడీఆర్5లో సెకనుకి ముప్ఫై సార్లకు పైగా. మా వాడి సిస్టమ్‌లో 32 జీబీకి ఎన్ని కుండలో లెక్కగట్టాను. 27,487 కోట్ల పైచిలుకు. అందులో ఒక్కటి తప్పుగా పలికినా చాలు.

ఒక్క బిట్టు ఏం చేస్తుందని తేలిగ్గా అనుకోకండి. మన తెలుగు అక్షరాలు కంప్యూటర్లో అంకెలుగా ఉంటాయి కదా. యూనికోడ్‌లో ‘త’ అంకెకీ ‘ద’ అంకెకీ మధ్య తేడా సరిగ్గా ఒక్క బిట్టు. ఆ ఒక్కటి తిరగబడితే తాత దాత అవుతాడు. ‘క’కీ ‘గ’కీ కూడా అంతే, కాలి గాలి అయిపోతుంది. అక్షరం మారితే చదివేవాడు నవ్వుకుని దిద్దుకుంటాడు. అదే బిట్టు ఒక ప్రోగ్రామ్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామాలో మారితే, ప్రోగ్రామ్ లేని ఇంటి తలుపు తడుతుంది. అప్పుడు వచ్చేదే పేజ్ ఫాల్ట్.

2003 మే నెలలో బెల్జియంలో ఎన్నికలు జరిగాయి. బ్రస్సెల్స్‌లో షార్‌బీక్ అనే ప్రాంతంలో ఒక చిన్న పార్టీ అభ్యర్థికి కంప్యూటర్ లెక్కలో రావడానికి వీల్లేనన్ని ఓట్లు వచ్చాయి. ఓటర్ల కార్డులు తెచ్చి మళ్లీ లెక్కపెడితే సరిగ్గా 4,096 ఎక్కువ పడ్డాయని తేలింది. ఒకటిని రెండుతో పన్నెండుసార్లు గుణించుకుంటూ పోతే వచ్చే అంకె అది. మెమరీలో పదమూడో బిట్టు సున్నా నుంచి ఒకటి అయిందన్నమాట. ప్రోగ్రామ్ అంతా వెతికినా తప్పు దొరకలేదు. బిట్టు తనంతట తనే తిరగబడి ఉంటుందని, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు కారణం కావచ్చని నిపుణులు అన్నారు.

కాస్మిక్ కిరణాల కథ వినడానికి బాగుంటుంది. కానీ మీ ఇంట్లో కొత్త కంప్యూటర్ రోజుకి మూడుసార్లు పడిపోతుంటే ఆకాశం వైపు చూడకండి. 2009లో గూగుల్ సర్వర్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. స్టిక్కుల్లో ఏటా 8 శాతానికి పైగా కనీసం ఒక తప్పు చేశాయని, అందులో ఎక్కువ భాగం అప్పుడప్పుడూ తగిలే కిరణాల వల్ల వచ్చినవి కావని, స్టిక్కుల్లోనే ఉన్న స్థిరమైన లోపాలవని అది తేల్చింది. సర్వర్లలో ఈసీసీ అనే దిద్దుబాటు ఏర్పాటు ఉంటుంది కాబట్టి ఆ తప్పులు పట్టుబడ్డాయి. మన ఇళ్లలోని మామూలు సిస్టమ్‌లలో ఆ ఏర్పాటు ఉండదు. డీడీఆర్5 చిప్పుల లోపలే ఒక చిన్న దిద్దుబాటు పెట్టారు గానీ, చిప్పు దాటి ప్రాసెసర్ దాకా వచ్చే దారిలో జరిగే తప్పును అది పట్టలేదు.

అందుకే బ్లూ స్క్రీన్ చెప్పే పేరును నమ్మొద్దంటున్నాను. కుండలో నీళ్లు పాడైతే ఆ నీళ్లు తాగినవాడు పడిపోతాడు. విండోస్ పడిపోయినవాడి పేరు రాసుకుంటుంది. మా వాడు నాలుగుసార్లు తీసి వేసిన గ్రాఫిక్స్ డ్రైవర్ పాపం అలా తాగినవాడే. అత్తమీద కోపం దుత్తమీద.

ఇక ఫార్మాట్ సంగతి. మన దగ్గర కంప్యూటర్‌కి ఏ జబ్బు వచ్చినా మొదటి మందు ఫార్మాట్. ర్యామ్ జబ్బులో అది మందు కాకపోగా విషం. విండోస్ ఎక్కించేటప్పుడు ప్రతి ఫైలూ ర్యామ్ గుండానే ఎస్ఎస్‌డీలోకి పోతుంది. దారిలో ఒక బిట్టు తిరగబడితే ఆ తప్పు డిస్కు మీద శాశ్వతంగా కూర్చుంటుంది. తర్వాత ర్యామ్ మార్చినా ఆ విండోస్ తిన్నగా నడవదు. ఫొటోలకీ అంతే. అక్క పెళ్లి ఫొటోలు పాత హార్డ్‌డిస్క్ నుంచి కొత్త సిస్టమ్‌కి కాపీ చేశానని వాడు అన్నప్పుడు నాకు నిజంగా భయం వేసింది. "పాత హార్డ్‌డిస్క్ చెరిపేశావా?" అన్నాను. లేదన్నాడు. ఆ రాత్రి విన్న మొదటి మంచి మాట అదే.

అప్పుడు చెప్పాను. "ఒక నోటుబుక్కు తీసుకో. ఒకసారి ఒక్కటే మార్చు. ఏం మార్చావో, ఏమైందో, ఎన్ని గంటలకో రాయి. ఈ పది రోజుల్లో నువ్వు డ్రైవరూ విండోసూ కేబులూ అన్నీ ఒకేసారి మార్చావు. ఏది ఏం చేసిందో నీకూ తెలీదు, నాకూ తెలీదు."

మొదటి మార్పుగా, బోర్డు అమరికలుండే బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో అనే దాన్ని ఆపించాను. ఈ ఎక్స్‌పో గురించి కాస్త నిలబడి మాట్లాడాలి. ఇంటెల్ వాళ్ల వాడుకలో దీని పేరు ఎక్స్ఎంపీ, ఏఎండీ వాళ్లు 2022లో తెచ్చింది ఎక్స్‌పో. మా వాడి ర్యామ్ పెట్టె మీద 6000 అని పెద్ద అక్షరాలతో ఉంది. కానీ స్టిక్కుని తెచ్చి బోర్డులో గుచ్చితే అది ఆ వేగంతో నడవదు, 4800 దగ్గరో 5600 దగ్గరో మొదలవుతుంది. పెట్టె మీది వేగం కావాలంటే బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో ఆన్ చేసుకోవాలి. అప్పుడు వేగమూ పెరుగుతుంది, ఓల్టేజీ కూడా పెరుగుతుంది. రైజెన్ 7000 ప్రాసెసర్‌కి రెండు స్టిక్కులతో ఏఎండీ ఒప్పుకున్న వేగం 5200. నాలుగు స్టిక్కులు పెడితే 3600. అంతకు మించి ఎంత నడిచినా ఏఎండీ లెక్కలో అది ఓవర్‌క్లాకింగే, పరిమితి దాటి తోలడమే.

ర్యామ్ కంపెనీ నా స్టిక్కు 6000 నడుస్తుందంటుంది. ప్రాసెసర్ కంపెనీ 5200 దాకానే నా పూచీ అంటుంది. బోర్డు కంపెనీ నేను పరీక్షించిన స్టిక్కుల జాబితా ఇదిగో, చూసుకోమంటుంది. ముగ్గురూ కలిసి నడిపిస్తామన్న మాట ఎవరూ ఇవ్వరు. పెట్టె మీద మాత్రం 6000 అని అచ్చు వేస్తారు. నన్నడిగితే ఇది వ్యాపారంలో ఒక గడుసుదనం. యూట్యూబ్‌లో ప్రతివాడూ మొదట చెప్పే మాట ఎక్స్‌పో ఆన్ చేయమని. చాలామందికి హాయిగా నడుస్తుంది కూడా. నడవనివాడు తనదే తప్పనుకుని ఫార్మాట్ కొడుతూ కూర్చుంటాడు.

మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ 2005లో ఈ ఓవర్‌క్లాకింగ్ గురించే రాశారు. జనం కంప్యూటర్ల నుంచి వచ్చిన క్రాష్ రిపోర్టులు చూస్తుంటే, తప్పు జరగడానికే వీల్లేని ఆదేశం దగ్గర ప్రోగ్రామ్‌లు ఆగిపోయి ఉన్నాయట. ప్రాసెసర్ లోపల ఒక గడిని సున్నా చేసే ఆదేశం అది, మెమరీని ముట్టుకునే పనే లేదు. ఆరా తీస్తే అవి పరిమితికి మించి తోలుతున్న యంత్రాలు. వాటి యజమానుల్లో కొందరికి ఆ సంగతే తెలియదు. అమ్మినవాళ్లు చెప్పకుండానే వేగం పెంచి అమ్మారు.

ఎక్స్‌పో ఆపాక పరీక్ష. మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ ఉంది. 1994లో క్రిస్ బ్రేడీ రాసిన దానికి వారసులు ఇప్పుడు రెండు ఉన్నాయి. ఒకటి పాస్‌మార్క్ కంపెనీది, ఇంకొకటి మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. రెండూ ఉచితంగా దొరుకుతాయి. పాత పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. వేరే కంప్యూటర్లో దాన్ని తయారు చేసి, దానితోనే కొత్త సిస్టమ్‌ని బూట్ చేయాలి. విండోస్ లేకుండానే నడుస్తుంది, అదే దాని గొప్ప. ఒక్కో కుండలో ఒకటి పోసి సున్నా పోసి, పక్క కుండలను కదిలించి, తిరిగి చదివి సరిచూసుకుంటుంది. విండోస్‌లో కూడా ఒక మెమరీ పరీక్ష ఉంది. అది తప్పు చూపిస్తే నమ్మండి, బాగుందంటే మాత్రం అంతగా నమ్మకండి.

32 జీబీకి నాలుగు చుట్లు అవడానికి కొన్ని గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకోవడం మేలు. ఇన్వర్టరో యూపీఎస్సో ఉంటే ఇంకా మంచిది. ఒక సంగతి గుర్తుంచుకోవాలి, ఇక్కడ 35 మార్కులకు పాస్ లేదు. ఒక్క తప్పు కనిపించినా ఫెయిలే. కొన్ని వేల కోట్లలో ఒక్కటే కదా అని మా వాడు కూడా బేరమాడాడు. ఒప్పుకోలేదు.

మొదటి రాత్రి, ఎక్స్‌పో ఆపి. తప్పులు సున్నా. రెండో రాత్రి, ఎక్స్‌పో ఆన్ చేసి. నోటుబుక్కులో రాత ఇలా ఉంది: "12.40కి మొదటి ఎర్రర్. 2 గంటలకు చూస్తే 31. పడుకున్నాను." ఇక దొంగ దొరికినట్టే అనుకుని వాడు స్టిక్కులు వెనక్కి ఇచ్చేయడానికి బస్సు టికెట్ చూస్తున్నాడు. ఆగమన్నాను. దొంగ ఇంట్లోనే ఉన్నాడు సరే, ఏ గదిలో ఉన్నాడో తెలియాలి కదా.

స్టిక్కులు విడివిడిగా పరీక్షించడం ఈ పనిలో అసలు ఘట్టం. కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి లోపల మిగిలిన కరెంటు పోనిచ్చి, క్యాబినెట్ ఇనుమును ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ వదిలించుకుని, అప్పుడు స్టిక్కు తీయాలి. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్కులైతే చాలావరకు ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడమంటారు. ఒక్కటే అయితే రెండోది. బోర్డుతో వచ్చిన పుస్తకం ఒకసారి చూడండి, అందులో బొమ్మ ఉంటుంది. స్టిక్కుని గుచ్చేటప్పుడు భయపడి సగంలో ఆపేస్తారు చాలామంది. క్లిప్పు టక్కుమనే దాకా నొక్కాలి. కొన్ని బోర్డుల్లో క్లిప్పు ఒక వైపే ఉంటుంది, రెండో చివర కూర్చుందో లేదో వేలితో తడిమి చూసుకోవాలి. సగం కూర్చున్న స్టిక్కు చేసే ఆగడాలు చెడిపోయిన స్టిక్కు చేసేవాటికి ఏమీ తీసిపోవు.

స్టిక్కు తీయగానే రబ్బరుతో తుడవమంటారు మనవాళ్లు. పెన్సిల్ రాత చెరిపే రబ్బరు ముక్క లేని కంప్యూటర్ మెకానిక్‌ని నేను చూడలేదు. గుంటూరులో మా మిత్రుడి డీటీపీ సెంటర్లో పదేళ్ల నాటి సిస్టమ్ రబ్బరు వైద్యంతోనే ఎన్నోసార్లు లేచి కూర్చుంది. పాత స్టిక్కుల అంచుకి తేమ, దుమ్ము పట్టి ఉంటాయి కాబట్టి అక్కడ అది పనిచేసింది. తీసి మళ్లీ గట్టిగా గుచ్చడమే సగం వైద్యం అని నా అనుమానం. కొత్త స్టిక్కుకి రబ్బరు అక్కర్లేదు. ఆ బంగారు పూత చాలా పలచన, ఊరికే గీకి అరగదీయకండి.

మూడో రాత్రి, మొదటి స్టిక్కు ఒక్కటే, ఎక్స్‌పో ఆన్‌లోనే. తప్పులు సున్నా. నాలుగో రాత్రి, అదే స్లాట్‌లో రెండో స్టిక్కు ఒక్కటే. సున్నా. ఇద్దరూ నిర్దోషులే. ఐదో రాత్రి రెండూ కలిపి పెడితే మళ్లీ తప్పులు మొదలయ్యాయి.

అప్పుడు ఫోనులో స్టిక్కుల ఫొటోలు పంపమన్నాను. రెండింటి మీదా మోడల్ నంబరు ఒకటే, కింద చిన్న అక్షరాల్లో వెర్షన్ నంబరు వేరు. అప్పుడు బయటపడింది సంగతి. రెండు స్టిక్కులు కలిపి వచ్చే ప్యాక్ ఆ రోజు దొరకలేదట. ఒకే మోడల్‌వి విడిగా రెండు కొన్నాడు. ఒకే పేరుతో అమ్మే స్టిక్కుల్లో కూడా లోపలి చిప్పులు వేర్వేరు కావచ్చు. ఇప్పుడు లోకంలో ర్యామ్ చిప్పులు ఎక్కువగా చేసేది శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏ బ్యాచ్‌లో ఎవరి చిప్పు వేశారో పెట్టె పైన రాయరు. జతగా అమ్మేవాటిని కలిపి పరీక్షించి ప్యాక్ చేస్తారు. విడిగా అమ్మేవాటికి ఆ పూచీ లేదు.

మా నాన్న ఎడ్ల సంతకు వెళితే జతను కాడికి కట్టి నడిపించి చూసేవాడు. విడిగా రెండు ఎడ్లూ కొండను లాగుతాయి. కాడి మెడన పడ్డాక ఒకటి ముందు, ఒకటి వెనక. అప్పుడు బండి దారి తప్పుతుంది. అందులో ఏ ఎద్దుదీ తప్పు కాదు. మా మేనల్లుడికి ఈ మాటే చెప్పాను. "నువ్వు జత కొనలేదురా, రెండు ఎడ్లు కొన్నావు."

ముందు బయాస్ అప్‌డేట్ చేయించాను. బోర్డు కంపెనీలు ర్యామ్ పొసగకపోవడాన్ని సరిదిద్దుతూ అప్‌డేట్లు ఇస్తుంటాయి. అది జరుగుతుండగా కరెంటు పోతే బోర్డుకే ముప్పు, అందుకని పక్కింటి యూపీఎస్ అరువు తెచ్చాడు. కొంత మెరుగైంది గానీ తప్పులు పూర్తిగా పోలేదు. తర్వాత ఎక్స్‌పో అమరికలు అలాగే ఉంచి వేగం మాత్రం 6000 నుంచి 5600కి దించాం. ఓల్టేజీ పెంచి 6000 దగ్గరే నిలబెట్టవచ్చని వాడి స్నేహితుడు సలహా ఇచ్చాడు. నిలబడొచ్చు కూడా. నాకు ఇష్టం లేదన్నాను. ఆ ఓల్టేజీ వేడిగా మారి మళ్లీ స్టిక్కు మీదే పడుతుంది.

వేడంటే గుర్తొచ్చింది. ఓటికుండ వేడికి ఇంకా తొందరగా కారుతుంది. 85 డిగ్రీలు దాటితే రెట్టింపు సార్లు నింపాలని ప్రమాణాల్లోనే రాసుకున్నారు. డీడీఆర్5 స్టిక్కుల మీద ఓల్టేజీని సర్దే చిప్పు కూడా ఉంటుంది కాబట్టి అవి మరికాస్త వేడెక్కుతాయి. అంచేత అక్టోబరు రాత్రి పాసైన సిస్టమ్ రోహిణి కార్తెలో విజయవాడ మధ్యాహ్నం ఫెయిలవచ్చు. ఎండాకాలంలో ఇంకోసారి పరీక్ష పెట్టమని వాడి నోటుబుక్కులో ముందే రాయించాను.

5600 దగ్గర వరసగా రెండు రాత్రులు సున్నా తప్పులు. అప్పుడు చివరి ఫార్మాట్, ఆ తర్వాత పాత హార్డ్‌డిస్క్ నుంచి పెళ్లి ఫొటోలు కొత్తగా మళ్లీ కాపీ. అప్పటి నుంచి ఒక్కసారి కూడా పడిపోలేదు. ఆ నాలుగు వందల తేడా గేముల్లో కంటికి కనిపించదు. అయినా వాడికి మనసులో ఉంది, పెట్టె మీద 6000 అని ఉంది కదా మరి.

మీ ఇంట్లో కథ వేరేలా ఉండొచ్చు. ఒక స్టిక్కు ఒంటరిగానే తప్పులు చూపిస్తే, దాన్ని వేరే స్లాట్‌లో పెట్టి చూడండి. తప్పు స్టిక్కుతో పాటు వెళితే స్టిక్కుదే జబ్బు. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పులు వస్తుంటే బోర్డువైపో ప్రాసెసర్ సాకెట్‌వైపో చూడాలి. సాకెట్‌లో ఒక సన్నని పిన్ను వంగినా ఆ వైపు ర్యామ్ కనిపించకుండా పోతుంది. ప్రాసెసర్ మీది కూలర్‌ని ఒక పక్క మరీ బిగించేసినా కొన్నిసార్లు ఇదే జరుగుతుంది. స్క్రూలు కాస్త వదులు చేసి సమంగా బిగిస్తే మాయమైన ర్యామ్ తిరిగి కనబడటం నేను చూశాను.

ఎక్స్‌పో ఆపినా, స్టిక్కులు విడివిడిగా నెగ్గినా, ఇంకా పడిపోతుంటే అప్పుడు ర్యామ్‌ని వదిలేయండి. 2024లో ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లు కొన్నవాళ్లలో చాలామందికి గేములు వీడియో మెమరీ చాలలేదని చెప్పి ఆగిపోయేవి. గ్రాఫిక్స్ కార్డుని అనుమానించారు, ర్యామ్‌ని అనుమానించారు. చివరికి దోషి ప్రాసెసరేనని, అది అవసరానికి మించిన ఓల్టేజీ అడిగి తనను తాను దెబ్బతీసుకుంటోందని ఇంటెలే ఒప్పుకుంది. దిద్దుబాటు ఇచ్చి, వారంటీ మరో రెండేళ్లు పొడిగించింది. అక్కడ దుత్త మీది కోపం అత్త మీదికి మళ్లిందన్నమాట.

ఈమధ్య ర్యామ్ ధరలు అడిగితే షాపువాడే ముందు కుర్చీ వేస్తున్నాడు. కాబట్టి కొత్తగా సిస్టమ్ బిగించుకోబోయే శ్రోతలకు ఒక విన్నపం. ర్యామ్ జతగా ఉన్న ప్యాకే కొనండి, బోర్డు కంపెనీ జాబితాలో ఆ మోడల్ ఉందో లేదో చూసి కొనండి. బిగించిన మొదటి రాత్రే, విండోస్ ఎక్కించకముందే, పెన్‌డ్రైవ్ పెట్టి మెమ్‌టెస్ట్ నడవనిచ్చి పడుకోండి. పొద్దున సున్నా కనిపించేదాకా పాత హార్డ్‌డిస్క్ చెరపకండి. ర్యామ్ డబ్బా, బిల్లు బీరువాలో పెట్టండి. బిల్లు లేకపోతే షాపులో మార్చరు.